మందు ఇచ్చారు... లాభం వద్దన్నారు!

పసిపిల్లల నాలుక మీద, బుగ్గల లోపలి వైపు పెరుగు తరకల్లాంటి తెల్లటి పూత మీరు చూసే ఉంటారు. తాగిన పాలు అంటుకున్నాయేమో అనుకుని తుడిస్తే ఓ పట్టాన పోదు. గట్టిగా తుడిస్తే కింద చర్మం ఎర్రగా కనిపిస్తుంది. ఆస్థమాకి ఇన్‌హేలర్ పీల్చేవాళ్లలో, షుగర్ అదుపులో లేనివాళ్లలో, ఎక్కువ రోజులు యాంటీబయాటిక్స్ వాడినవాళ్లలో, కట్టుడు పళ్లు పెట్టుకునే పెద్దవాళ్లలోనూ ఇది వస్తుంటుంది. కారణం క్యాండిడా అనే ఫంగస్. డాక్టరు దగ్గరికి వెళితే నోట్లో వేసుకునే చుక్కలో, పూసుకునే మందో రాస్తారు. కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది.

ఇప్పుడు ఇది చిన్న సమస్యే. కానీ 1950కి ముందు మాట వేరు. బ్యాక్టీరియాని చంపే పెన్సిలిన్ వచ్చేసింది. క్షయకి స్ట్రెప్టోమైసిన్ వచ్చేసింది. మనిషికి హాని చేయకుండా ఫంగస్‌ని మాత్రమే చంపే యాంటీబయాటిక్ మాత్రం డాక్టర్ల చేతిలో ఒక్కటీ లేదు. ఆ లోటు తీర్చిన మొదటి మందు నిస్టాటిన్. దాన్ని కనుగొన్న ఇద్దరు మహిళల్లో ఒకరు రేచల్ ఫుల్లర్ బ్రౌన్. ఆమె జీవరసాయన శాస్త్రవేత్త. మందుల కంపెనీలో కాదు, న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ ల్యాబ్‌లో నెల జీతానికి పనిచేశారు. ఆ మందు మీద 1 కోటీ 34 లక్షల డాలర్ల రాయల్టీ వచ్చింది. అందులో ఒక్క డాలరు కూడా ఆమె ఇంటికి తీసుకెళ్లలేదు. అలాగని మందుని గాలికి వదిలేయనూ లేదు. అది రోగి దాకా చేరేలా, వచ్చిన డబ్బు మళ్లీ సైన్స్‌కే చేరేలా ఒక దారి ఎంచుకున్నారు. మీరు తెలుసుకోవాల్సింది ఆ దారి గురించే.

చరిత్ర చదవబోయి...

రేచల్ 1898 నవంబరు 23న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టారు. బాల్యం మిస్సోరీ రాష్ట్రంలో గడిచింది. 1912లో తండ్రి కుటుంబాన్ని వదిలి వెళ్లిపోయారు. తల్లి ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని తిరిగి స్ప్రింగ్‌ఫీల్డ్ చేరి, ఉద్యోగం చేసి వాళ్లని చదివించారు.

హైస్కూలు దాకా ఎలాగో నెట్టుకొచ్చినా కాలేజీ ఫీజు ఆ ఇంటికి తలకు మించిన భారం. అప్పుడు అమ్మమ్మ స్నేహితురాలైన హెన్రియెట్టా డెక్స్‌టర్ అనే సంపన్న మహిళ ముందుకొచ్చారు. ఆ అమ్మాయి పట్టుదల చూసి, మౌంట్ హోలియోక్ మహిళా కాలేజీలో చదువుకయ్యే ఖర్చు తాను భరిస్తానన్నారు. ఈ సాయాన్ని గుర్తుపెట్టుకోండి. ముప్ఫై ఏళ్ల తర్వాత రేచల్ తీసుకున్న నిర్ణయంలో దీని నీడ కనిపిస్తుంది.

కాలేజీలో ఆమె మొదట ఎంచుకున్నది చరిత్ర. డిగ్రీ కోసం తప్పనిసరిగా చదవాల్సిన సైన్స్ సబ్జెక్టుగా కెమిస్ట్రీ తీసుకున్నారు. తీరా చదివాక అందులోని కచ్చితత్వం ఆమెని కట్టిపడేసింది. 1920లో చరిత్ర, కెమిస్ట్రీ రెండింటిలోనూ పట్టా పొందారు. తర్వాత షికాగో విశ్వవిద్యాలయంలో కర్బన రసాయన శాస్త్రంలో మాస్టర్స్ చేశారు. మూడేళ్లు బడిలో పాఠాలు చెప్పి, కూడబెట్టిన డబ్బుతో పీహెచ్‌డీ కోసం మళ్లీ షికాగో వెళ్లారు.

పరిశోధన పూర్తయింది. సిద్ధాంత గ్రంథం సమర్పించారు. మౌఖిక పరీక్ష మాత్రం వాయిదా పడింది. ఈలోగా చేతిలో డబ్బు అయిపోయింది. పట్టా కోసం ఎదురుచూసే స్థోమత లేక 1926లో న్యూయార్క్ రాష్ట్ర రాజధాని అల్బనీలో, ఆరోగ్యశాఖ ల్యాబ్‌లో అసిస్టెంట్ కెమిస్టుగా చేరిపోయారు. ఏడేళ్ల తర్వాత ఒక శాస్త్రీయ సదస్సు కోసం షికాగో వెళ్లినప్పుడు ఆ పరీక్ష పూర్తిచేసి, 1933లో డాక్టరేట్ అందుకున్నారు.

సర్కారీ ల్యాబ్‌లో నేర్చిన పాఠం

డబ్బు అవసరమై చేరిన ఉద్యోగమే ఆమెకి జీవితకాలపు పని అయింది. అక్కడ సైన్స్ అంటే పత్రికల్లో వ్యాసాలు అచ్చువేసుకోవడం మాత్రమే కాదు. ఊళ్లో జబ్బు వస్తే నమూనా ఆ ల్యాబ్‌కే వచ్చేది. దాన్ని గుర్తించే పరీక్షా అక్కడే, చికిత్సకి కావాల్సిన సీరమ్‌ల తయారీ కూడా అక్కడే.

అప్పట్లో న్యుమోనియా ప్రాణాంతకం. యాంటీబయాటిక్స్ ఇంకా లేవు. గుర్రాలకి బ్యాక్టీరియాని ఎక్కించి, వాటి రక్తం నుంచి తీసిన సీరమ్‌ని రోగికి ఇచ్చేవారు. చిక్కేంటంటే న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియాలో పదుల రకాలున్నాయి. ఒక రకానికి పనిచేసే సీరమ్ ఇంకో రకానికి పనిచేయదు. ఆ రకాల్ని వేరుచేసి చూపేది బ్యాక్టీరియా పైపొరలో ఉండే చక్కెర లాంటి పదార్థం. దాన్ని శుద్ధిగా విడదీసే పనిలో రేచల్ ఏళ్ల తరబడి చెయ్యి తిరిగారు. సిఫిలిస్ రక్తపరీక్షని మెరుగుపరిచే పనిలోనూ పాలుపంచుకున్నారు.

బురదలాంటి మిశ్రమంలోంచి పనికొచ్చే ఒక్క పదార్థాన్ని, దాని గుణం చెడకుండా బయటికి లాగడమే జీవరసాయన శాస్త్రవేత్త అసలు నైపుణ్యం. ఆమెకి అది ఇరవై ఏళ్ల సాధనలో అబ్బింది. దానికి సరైన సవాలు 1948లో ఎదురైంది.

ఒక మందు తెచ్చిన కొత్త జబ్బు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యాంటీబయాటిక్స్ వాడకం ఒక్కసారిగా పెరిగింది. ప్రాణాలు నిలిచాయి. దాంతోపాటే ఒక కొత్త తలనొప్పి మొదలైంది. మన నోట్లో, పేగుల్లో, యోనిలో బ్యాక్టీరియా, క్యాండిడా ఫంగస్ పక్కపక్కనే ఉంటాయి. బ్యాక్టీరియా గుంపు ఉన్నంతసేపూ ఫంగస్ అణిగి ఉంటుంది. యాంటీబయాటిక్ ఆ గుంపుని తుడిచిపెడితే ఖాళీ అయిన చోటంతా ఫంగస్ ఆక్రమిస్తుంది. జ్వరం తగ్గినా నోరు, గొంతు, పేగులు పూసిపోయి రోగి తినలేని స్థితికి వచ్చేవాడు.

న్యూయార్క్ నగరంలో, అదే ఆరోగ్యశాఖకి చెందిన మరో ల్యాబ్‌లో ఎలిజబెత్ లీ హేజెన్ ఈ ఫంగస్‌ల మీద పనిచేస్తున్నారు. ఆమె మిసిసిపీ రాష్ట్రంలో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, సొంతకాళ్ల మీద నిలబడ్డ మనిషి. స్ట్రెప్టోమైసిన్ మట్టిలోని సూక్ష్మజీవుల నుంచే వచ్చింది. మరి ఫంగస్‌ని చంపే మందు కూడా మట్టిలోనే ఎందుకు ఉండకూడదు? హేజెన్ వెతుకులాట అదే. మట్టిలోని జీవుల్ని పెంచడం ఆమెకి తెలుసు. అవి తయారుచేసే పదార్థాన్ని విడదీయడానికి ఒక కెమిస్టు కావాలి. ల్యాబ్ డైరెక్టర్ గిల్బర్ట్ డాల్‌డార్ఫ్ ఆ ఇద్దరినీ కలిపారు. అప్పటికి రేచల్‌కి యాభై ఏళ్లు, హేజెన్‌కి అరవై దాటాయి.

పోస్టులో తిరిగిన సీసాలు

ఇద్దరూ ఉండేది రెండు వేర్వేరు నగరాల్లో. వాళ్ల మధ్య వారధి పోస్టాఫీసు! రకరకాల చోట్ల నుంచి వచ్చిన మట్టి నమూనాల్లోని జీవుల్ని హేజెన్ పెంచేవారు. వాటిని రెండు ఫంగస్‌ల మీద పరీక్షించేవారు. ఒకటి క్యాండిడా ఆల్బికాన్స్. రెండోది మెదడు పొరల్ని దెబ్బతీసే క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్. ఫంగస్ చస్తున్నట్టు కనిపిస్తే ఆ కల్చర్‌ని మూత బిగించిన గాజు సీసాలో పెట్టి అల్బనీకి పోస్టు చేసేవారు. రేచల్ ఒక్కో ద్రావణితో కడిగి, వడగట్టి, అందులో పనిచేస్తున్న పదార్థాన్ని వేరుచేసి తిరుగు పోస్టులో పంపేవారు. హేజెన్ మళ్లీ ఫంగస్ మీద, తర్వాత ఎలుకల మీద పరీక్షించేవారు.

చాలాసార్లు ఫంగస్‌తోపాటు ఎలుకలూ చచ్చిపోయేవి. ఫంగస్ కణం నిర్మాణం బ్యాక్టీరియా కన్నా మన కణాలకే దగ్గర. అందుకే దాన్ని చంపేది మనల్నీ చంపే ప్రమాదం ఎక్కువ. ఫంగస్ మందులు ఇప్పటికీ కొద్దిగానే ఉండటానికి ఒక ముఖ్య కారణం ఇదే.

చివరికి ఆశ కలిగించిన మట్టి వర్జీనియా రాష్ట్రంలో, హేజెన్ స్నేహితులైన నౌర్స్ కుటుంబానికి చెందిన పాడి ఆవుల ఫారంలో దొరికింది. అందులోని సూక్ష్మజీవికి ఆ ఇంటి పేరుతోనే స్ట్రెప్టోమైసెస్ నౌర్సీ అని పేరుపెట్టారు. అది రెండు పదార్థాల్ని తయారుచేస్తోందని రేచల్ గుర్తించారు. ఒకటి విషపూరితమైనది. రెండోది మాత్రం ఫంగస్‌ని చంపుతూ ఎలుకల్ని వదిలేస్తోంది. ఆ రెంటినీ విడదీయడంలోనే ఆమె పనితనమంతా ఉంది.

1950 అక్టోబరులో, న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో జరిగిన నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సమావేశంలో ఇద్దరూ తమ ఆవిష్కరణను ప్రకటించారు. మొదట పెట్టిన పేరు అప్పటికే మరోదానికి ఉండటంతో, న్యూయార్క్ స్టేట్ గుర్తుగా నిస్టాటిన్ అని మార్చారు. చాలా మందుల పేర్లలో కంపెనీ నీడ ఉంటుంది. ఈ మందు పేరులో ఉన్నది ఒక ప్రజారోగ్య శాఖ నడిపిన రాష్ట్రం.

ఎవరి చేతిలో పెట్టాలి?

వార్త బయటికి రాగానే మందుల కంపెనీలు వాకబు మొదలుపెట్టాయి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆ ఇద్దరి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి.

ల్యాబ్‌లో తయారయ్యేది ప్రయోగాలకు సరిపడేంతే. లక్షలమందికి అందాలంటే పెద్ద తొట్టెల్లో సూక్ష్మజీవుల్ని పెంచాలి, మాత్రలు చేయాలి, మనుషుల మీద పరీక్షలు జరపాలి. అది కంపెనీలకే సాధ్యం. పేటెంట్ లేకుండా వదిలేస్తే అంత ఖర్చు పెట్టడానికి ఏ కంపెనీ ముందుకు రాకపోవచ్చు. వచ్చినా నాణ్యత మీద ఎవరికీ పట్టు ఉండదు. పేటెంట్‌ని కంపెనీకే అమ్మేస్తే మందు మీద అధికారం, డబ్బు రెండూ అక్కడికే పోతాయి. తామే ఉంచుకుంటే కోట్లు వస్తాయి. కానీ జీతం ఇచ్చింది ప్రజలు, ల్యాబ్ ప్రజలది.

వాళ్లు నాలుగో దారి పట్టారు. పేటెంట్ హక్కుల్ని రీసెర్చ్ కార్పొరేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థకి అప్పగించారు. ఫ్రెడరిక్ కాట్రెల్ అనే శాస్త్రవేత్త 1912లో స్థాపించిన సంస్థ అది. పొగలోని ధూళిని విద్యుత్తుతో పట్టే పరికరాన్ని కనిపెట్టి, దానిపై వచ్చే డబ్బుని పరిశోధనలకే ఇవ్వాలని ఆయన దీన్ని పెట్టారు. కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాల పొగగొట్టాల్లోంచి బూడిద గాల్లో కలవకుండా పట్టే యంత్రాలకు మూలం ఆ పరికరమే.

ఈ సంస్థతో తెలుగు నేలకి ఇంకో బంధమూ ఉంది. బెరిబెరి వ్యాధిని నయం చేసే విటమిన్ బి1ని కృత్రిమంగా తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ 1886లో మన నెల్లూరులో, మిషనరీ దంపతులకు పుట్టారు. ఆయన కూడా తన పేటెంట్లని రీసెర్చ్ కార్పొరేషన్ ద్వారా పోషకాహార లోపాలపై పోరాటానికే మళ్లించారు. రేచల్, హేజెన్ నడిచినది అప్పటికే కొందరు వేసిన బాటే.

రీసెర్చ్ కార్పొరేషన్ నిస్టాటిన్ తయారీకి స్క్విబ్ కంపెనీకి లైసెన్సు ఇచ్చింది. 1954లో మైకోస్టాటిన్ పేరుతో మాత్రలు మార్కెట్లోకి వచ్చాయి. పేటెంట్ 1957 జూన్ 25న మంజూరైంది.

డబ్బు ఎటు వెళ్లింది?

పేటెంట్ గడువు ముగిసేసరికి వచ్చిన రాయల్టీ 1 కోటీ 34 లక్షల డాలర్లు. సగం రీసెర్చ్ కార్పొరేషన్ ద్వారా రకరకాల శాస్త్ర పరిశోధనలకు వెళ్లింది. మిగతా సగంతో బ్రౌన్-హేజెన్ నిధి ఏర్పడింది. ఫంగస్ వ్యాధుల పరిశోధనకి, ఆ రంగంలో కొత్తవాళ్లకి శిక్షణ ఇవ్వడానికి ఆ నిధి ఖర్చయింది. అప్పట్లో ఫంగస్ జబ్బులంటే ఎవరికీ పట్టని విషయం. కొన్నేళ్లపాటు అమెరికాలో ఆ రంగానికి ప్రభుత్వేతర నిధుల్లో అన్నిటికన్నా పెద్ద అండ ఇదే. ఒకప్పుడు పరాయి మనిషి ఫీజు కడితే చదువుకున్న అమ్మాయి, ఇప్పుడు తను చూడని ఎందరి చదువుకో దారి చూపించారు.

అయితే ఇక్కడ ఒక మాట దాచకూడదు. మందుని తయారుచేసి అమ్మింది లాభం కోసం నడిచే కంపెనీయే. కంపెనీ లేకుండా అంతా జరిగిపోయిందనుకుంటే పొరపాటు. ఈ కథలో తేడా అంతా పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్న దగ్గరే ఉంది.

బ్లాక్ ఫంగస్ రోజులు గుర్తున్నాయా?

నిస్టాటిన్‌కి ఒక పరిమితి ఉంది. అది పేగుల నుంచి రక్తంలోకి దాదాపు చేరదు. తగిలిన చోటే పనిచేస్తుంది. నోటికి, పేగులకి, చర్మానికి, యోనికి అది వరమే. కానీ రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి, మెదడులోకి పాకిన ఫంగస్‌ని ఏమీ చేయలేదు. ఇంజెక్షన్‌గా ఇద్దామంటే విషప్రభావం చూపుతుంది.

స్క్విబ్ శాస్త్రవేత్తలు వెతుకులాట ఆపలేదు. 1950ల మధ్యలో వెనిజులాలోని ఒరినోకో నది ప్రాంతపు మట్టి నుంచి నిస్టాటిన్‌కి తోబుట్టువు లాంటి మందుని కనుగొన్నారు. అదే యాంఫోటెరిసిన్-బి. రెండూ పనిచేసే తీరు ఒకటే. ఫంగస్ కణం పొరలోని ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థానికి అతుక్కుని రంధ్రాలు చేస్తాయి. లోపలి సారమంతా కారిపోయి ఫంగస్ చస్తుంది. బ్యాక్టీరియాలో ఆ కొవ్వు ఉండదు కాబట్టి వాటి మీద ఇవి పనిచేయవు.

యాంఫోటెరిసిన్ పేరు 2021 వేసవిలో తెలుగు ఇళ్లన్నిటికీ తెలిసింది. కొవిడ్ తర్వాత స్టెరాయిడ్లు వాడినవారిని, షుగర్ ఉన్నవారిని బ్లాక్ ఫంగస్ పట్టుకుంది. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు రోగులు బారులు తీరారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బుని ఆరోగ్యశ్రీలో చేర్చారు. ఇంజెక్షన్ల కోసం కుటుంబాలు ఊళ్లు తిరిగాయి. అరవై ఏళ్లకు పైబడ్డ మందే అప్పటికీ దిక్కు, అదీ దొరకలేదు. ఫంగస్ జబ్బుల్ని లోకం ఎంత నిర్లక్ష్యం చేసిందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకర ఫంగస్‌ల మొట్టమొదటి జాబితాని 2022లో విడుదల చేసింది. అత్యంత తీవ్రమైన వర్గంలో ఉన్న నాలుగింటిలో రెండు... క్యాండిడా ఆల్బికాన్స్, క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్! హేజెన్ తన బల్ల మీద పెట్టుకుని పరీక్షించిన రెండూ ఇవే.

పేదల జబ్బులకి మందు చేస్తే లాభం రాదని కంపెనీలు వెనకాడే చోట, ఇప్పుడు లాభాపేక్ష లేని సంస్థలు నేరుగా మందుల తయారీకే దిగుతున్నాయి. 2003లో ఏర్పడిన డీఎన్‌డీఐ అలాంటిదే. మన భారత వైద్య పరిశోధన మండలి కూడా దాని వ్యవస్థాపకుల్లో ఒకటి. పాదాన్ని తినేసే మైసిటోమా అనే ఫంగస్ జబ్బుకి కొత్త మాత్రని ఈ సంస్థ సూడాన్‌లో పరీక్షించింది. ఈ జబ్బుకి మదురై ఊరి పేరుతో మదురా ఫుట్ అనే పేరు ఉంది.

రేచల్ 1968లో రిటైరయ్యారు. 42 ఏళ్లూ ఒకే ప్రజారోగ్య శాఖలో పనిచేశారు. నిస్టాటిన్ తర్వాత హేజెన్‌తో కలిసి మరో రెండు యాంటీబయాటిక్స్ కనుగొన్నారు. 1975లో అమెరికన్ కెమిస్టుల సంస్థ ఇద్దరికీ కెమికల్ పయనీర్ పురస్కారం ప్రకటించింది. ఆ గౌరవం అందుకున్న తొలి మహిళలు వీరే. అదే ఏడాది హేజెన్ కన్నుమూశారు. 1980 జనవరి 14న రేచల్ అల్బనీలో మరణించారు. నిస్టాటిన్ నేటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది.

మీరు గుర్తుంచుకోవాల్సినవి

* యాంటీబయాటిక్స్ సొంతంగా కొనుక్కుని వాడొద్దు. అవసరం లేకుండా వాడితే మంచి బ్యాక్టీరియా పోయి ఫంగస్‌కి చోటు దొరుకుతుంది.

* స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చిన ప్రతిసారీ నీళ్లతో నోరు పుక్కిలించి ఉమ్మేయండి.

* కట్టుడు పళ్లని రాత్రి తీసి, శుభ్రం చేసి నీళ్లలో ఉంచండి.

* పెద్దవాళ్లకి నోట్లో తెల్లపూత మళ్లీ మళ్లీ వస్తున్నా, మింగుతుంటే నొప్పి ఉన్నా డాక్టరుకి చూపించండి. షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు అవసరం కావచ్చు.

* నిస్టాటిన్ క్యాండిడాకే పనిచేస్తుంది. తామరకి పనిచేయదు. తామరకి దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు మొదట దురద తగ్గించినా తర్వాత జబ్బుని ముదరబెడతాయి.

* డాక్టరు చెప్పినన్ని రోజులూ మందు వాడండి. పూత కనబడటం లేదని మధ్యలో ఆపేస్తే తిరగబెడుతుంది. ఫంగస్‌కి మన దగ్గరున్న మందులే తక్కువ. ఉన్నవాటిని పనిచేసే స్థితిలో ఉంచుకోవడం మన చేతిలోనే ఉంది.